బాపు చెప్పిన నిజం

ఆ కానిస్టేబుల్ గద్దించి అడిగి ఉంటే అంజన్న నోరు విప్పేవాడు కాదేమో. అతను చాలా మర్యాదగా అడిగాడు.

మార్చి మొదటి వారం, పొద్దున పదకొండు గంటల వేళ. ఇంట్లో అంజన్న ఒక్కడే ఉన్నాడు. భార్య కాశమ్మ ఒక ప్రైవేటు బడిలో ఆయా, పొద్దున్నే వెళ్లిపోయింది. కొడుకు ఎల్లేష్ కొరియర్ సంచి తగిలించుకుని బండి మీద తిరుగుతున్నాడు. గుమ్మంలో ఖాకీ బట్టలు కనబడగానే అంజన్న లేచి నిలబడ్డాడు.

"పెద్దాయనా, ఎల్లేష్ ఇల్లు గిదేనా?"

"గిదే సార్. వాని బాపును నేను. ఏమైంది సార్?"

"ఏం కాలే, ఫికర్ చెయ్యకున్రి. ఎయిర్‌పోర్టు నౌకరికి పెట్టుకున్నడు గద. లోపలికి పోయే పాసు కోసం వెరిఫికేషన్. ఐదు నిమిషాల పని."

అతని పేరు జగదీశ్వర్. బూట్లతో లోపలికి రావడం బాగుండదని గడప బయటే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆధార్ కార్డు, కరెంటు బిల్లు చూసి ట్యాబ్‌లో ఫొటోలు తీసుకున్నాడు. అంజన్న ఏం పని చేశాడని అడిగి, నీళ్ల శాఖలో లైన్‌మన్ అని వినగానే తలెత్తాడు.

"నల్లా అంజన్న అంటే మీరేనా? మా మేనత్త ఇల్లు గీ పక్క గల్లీలనే. మీ గురించి మస్తు చెప్తది. ఎవ్వని దగ్గర ఒక్క పైస ముట్టని మనిషి అంటది."

అంజన్న నడుము నిటారైంది. చాంద్రాయణగుట్ట నుంచి బార్కస్ దాకా ముప్పై ఒక్క ఏళ్లు గల్లీ గల్లీకీ నీళ్లు విడిచాడు. ఎవరెంత బతిమాలినా ఒక్క దొంగ కనెక్షన్ ఇవ్వలేదు. నిరుడు రిటైరైన దగ్గర నుంచి ఆ మాట ఎవరూ అనలేదు. పోలీసు నోట వినడం ఇంకా బాగుంది.

"ఇగ ఒక్కటే ఉన్నది," అన్నాడు జగదీశ్వర్. "పిలగాని మీద ఎప్పుడన్న కేసులు గిట్ల ఏమన్న ఉన్నయా? ఊకెనే, అడగాలె గాబట్టి అడుగుతున్న."

లేవు అంటే అయిపోయేది. అతని వేలు అప్పుడే ట్యాబ్ మీద తర్వాతి గడి దగ్గరికి పోయింది కూడా.

"ఒకటి ఉండె సార్," అన్నాడు అంజన్న.

జగదీశ్వర్ వేలు ఆగింది. "ఎప్పుడు? స్టేషన్ల చూసే వచ్చిన. కంప్యూటర్ల ఏం రాలే."

"వాని పదహారేండ్లప్పుడు సార్. పిల్లల బోర్డుల నడిచింది."

మొదలుపెట్టాక ఆపడం చేతకాలేదు. ఏ దుకాణం, ఎన్ని ఫోన్లు పోయాయి, వెంట ఎవరున్నారు, అన్నీ చెప్పాడు. అడగనిది కూడా ఒకటి చెప్పాడు. "నేనే వాని కాలర్ పట్టి తీస్కపోయి స్టేషన్ల అప్పజెప్పిన సార్. కొడుకని చూడలే." ఈ మాట కాస్త గట్టిగానే అన్నాడు.

జగదీశ్వర్ కొంచెంసేపు గల్లీలోకి చూశాడు. "పెద్దాయనా, మీరు చెప్పినంక నేను రాయాల్సి వస్తది మరి."

"రాయిన్రి సార్. నిజం నిజమే గద."

అతను వెళ్లాక అంజన్నకు ఒళ్లు తేలికైనట్టు అనిపించింది. స్టవ్ వెలిగించి తనకు తానే చాయ్ పెట్టుకున్నాడు. పోలీసు అడిగితే అబద్ధం చెప్పని మనిషి అని తనను గురించి తాను అనుకుంటూ గ్లాసు ఖాళీ చేశాడు.

ఎనిమిదేళ్ల కిందటి సంగతి అది. ఎల్లేష్ అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. తనకంటే పెద్దవాళ్లు ఇద్దరితో తిరిగేవాడు. ఒకరోజు తెల్లవారుజామున ముగ్గురూ కలిసి గల్లీ మొగదాల ఉన్న అజ్మత్ అలీ ఫోన్ల దుకాణం షట్టర్ వంచి పదకొండు ఫోన్లు ఎత్తుకుపోయారు. ఎల్లేష్ బయట నిలబడి కాపలా కాశాడు. తన వంతుగా ఒక ఫోన్ తీసుకున్నాడు. ఎదురుగా ఉన్న బేకరీ కెమెరాలో ముగ్గురి మొహాలూ పడ్డాయి.

అంజన్న కొడుకును గల్లీ మధ్యలో నిలబెట్టి బెల్టుతో కొట్టాడు. పొరుగువాళ్లు అడ్డం వచ్చినా ఆగలేదు. తర్వాత కాలర్ పట్టుకుని స్టేషన్ దాకా నడిపించుకుపోయాడు. "బాపు అంటే గట్ల ఉండాలె," అని ఎవరో అన్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది.

ఎల్లేష్‌ను ఇరవై రెండు రోజులు పిల్లల హోమ్‌లో ఉంచారు. ఆ తర్వాత ఏడాదికి పైగా పిల్లల కేసులు విచారించే బోర్డు ముందు వాయిదాలు నడిచాయి. ప్రతి వాయిదాకూ కాశమ్మే వెళ్లింది. వెళ్లిన రోజు జీతం కోసేవాళ్లు. అంజన్న ఒక్కసారి కూడా వెళ్లలేదు. బంధువులు పిల్లవాడేడని అడిగితే హాస్టల్‌లో వేసినం అని చెప్పాడు. తప్పు చేసింది నిజమేనని బోర్డు తేల్చింది. వాడికి బుద్ధి చెప్పి, ఆరునెలల పాటు ఆదివారాలు ఒక సర్కారు దవాఖానలో పని చేయమంది. వాడు చేశాడు. అది ముగిసిన రోజున కాశమ్మ ఏదో చెప్పబోతే అంజన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "గీ ముచ్చట ఈ ఇంట్ల మళ్ల ఎత్తొద్దు," అన్నాడు. ఎవరూ ఎత్తలేదు. ఎల్లేష్ ఇంటర్ పూర్తి చేశాడు, డిగ్రీ చేశాడు, కొరియర్ పనిలో చేరాడు. విమానాల్లోకి సామాను ఎక్కించే కంపెనీ ఒకటి పరీక్ష పెడితే రాసి నెగ్గాడు.

సాయంత్రం కాశమ్మ బడి నుంచి వచ్చి టిఫిన్ డబ్బా కడుగుతుంటే అంజన్న చెప్పాడు.

"పోలీసాయన వచ్చిండె. మంచి మనిషి. కేసులు గిట్ల ఉన్నయా అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పిన."

కాశమ్మ చేతిలో డబ్బా అలాగే ఉంది. నల్లా కారిపోతోంది.

"ఏమని చెప్పినవ్?"

"జరిగిందే చెప్పిన. దాస్తే దాగుతదా?"

"గా కేసు లేదు," అంది కాశమ్మ. "చింపేసిన్రు దాన్ని. పోలీసోళ్ల దగ్గర గూడ ఉండొద్దని బోర్డులో జడ్జమ్మ రాసిచ్చింది. లేని కేసు ఉన్నదని ఎట్ల చెప్తవ్?"

"చింపేసిన్రా? నాకెప్పుడు చెప్పినవ్?"

"చెప్పనిచ్చినవా?"

కాశమ్మ నల్లా కట్టేసి కొంగుతో చేతులు తుడుచుకుంది. "కొడుక్కు నువ్వే చెప్పు. నేను చెప్ప," అని లోపలికి వెళ్లిపోయింది.

అంజన్న చెప్పలేదు. ఆ రాత్రి కాదు, మర్నాడూ కాదు. పోలీసు వచ్చి పోయిండంట గద అని ఎల్లేష్ అడిగితే, "ఆ, వచ్చి పోయిండు," అన్నాడు. కొడుకు సంతోషంగా బండి తుడుచుకోవడం చూస్తూ కూర్చున్నాడు. ఏమీ కాదులే, ఆ కానిస్టేబుల్ మంచివాడు, రాసి ఉండడులే అనుకున్నాడు. రాయమని తనే అన్న సంగతి గుర్తుకొచ్చినప్పుడల్లా లేచి గల్లీలోకి వెళ్లి నిలబడేవాడు. తొమ్మిది రోజులు అలాగే గడిపాడు.

పదో రోజు మధ్యాహ్నం ఎల్లేష్ సంచితో సహా ఇంట్లోకి వచ్చాడు. ఆ వేళప్పుడు ఎప్పుడూ రాడు. ఫోన్ తండ్రి ముందు పెట్టాడు.

"కంపెనీ నుంచి వచ్చింది. పాసు ఇయ్యరంట. కేసు ఉన్నది, ఫారంల లేదని తప్పు రాసినవ్ అంటున్నరు. తండ్రి స్వయంగ చెప్పిండు అని రిపోర్టుల ఉన్నదంట." గొంతు ఎత్తకుండా అడిగాడు. "చెప్పినవా బాపూ?"

"పోలీసాయన అడిగిండురా."

"ఆయన అడిగితే?"

"అబద్ధం ఎట్ల చెప్పాలె బిడ్డా? ముప్పై ఏండ్ల సర్వీసుల ఒక్క అబద్ధం..."

"హాస్టల్ల ఉన్నడని చెప్పినవ్ గద," అన్నాడు ఎల్లేష్. "మామోళ్లకు, చిన్నాయనోళ్లకు, అందరికి చెప్పినవ్. పెండ్లిళ్లల్ల నా ముంగట్నే చెప్పినవ్. గప్పుడు నోటికి ఎట్ల వచ్చింది అబద్ధం?"

అంజన్న నేల వైపు చూశాడు.

"నీ ఇజ్జత్‌ కోసమైతే అబద్ధం వస్తది. నా బతుకు కోసం రాదు. గంతేనా బాపూ?" ఎల్లేష్ సంచి మళ్లీ భుజానికి వేసుకున్నాడు. గడప దాటబోతూ ఆగాడు. "ఆ పోలీసు గల్లీల ఇంకిద్దర్ని గూడ అడిగిండు. అజ్మత్ చాచాను గూడ అడిగిండు. ఆయన ఏం చెప్పిండో పోయి అడుగు."

ఎనిమిదేళ్లుగా అంజన్న అజ్మత్ అలీ దుకాణం ముందు నుంచి నడవలేదు. గల్లీ మొగదాలకు రాగానే అవతలి పక్కకు దాటేవాడు. అవతలి వైపు మురికి కాలువ ఉన్నా అటు నుంచే పోయేవాడు. ఆ సాయంత్రం మాత్రం దుకాణం ముందు నిలబడ్డాడు. అజ్మత్ అలీ ఒక కస్టమర్ ఫోన్‌కు గాజు అంటించి పంపి, అంజన్నను చూసి స్టూల్ ముందుకు జరిపాడు.

"ఆవో అంజన్నా, బైఠో. మస్తు దినాలైంది."

అంజన్న కూర్చోలేదు. "భాయ్, పోలీసాయన నిన్ను గూడ అడిగిండంట."

"హా. లడ్కా కైసా హై అన్నడు. అచ్ఛా లడ్కా హై అన్న. నా పార్సిళ్లు వాడే తెస్తడు, ఒక్కటి గూడ తక్కువ పడలే అన్న."

"ఇంకేం చెప్పలేదా?"

"ఇంకేం చెప్పాలె?"

"నీ దుకాణమే గద భాయ్ వాళ్లు..."

అజ్మత్ అలీ కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "దుకాణం నాదే. ఫోన్లు నావే. గప్పుడు నాకు మస్తు గుస్సా వచ్చింది, ఝూట్ ఎందుకు. మల్ల బోర్డులో జడ్జమ్మ నన్ను పిలిచింది. పోరడు నా ముంగట నిలబడి మాఫీ అడిగిండు. మీ కాశమ్మ పక్కన నిలబడి ఏడుస్తున్నది. బస్, ఈ ముచ్చట గిక్కడ్నే ఖతం, బయట ఎక్కడ ఎత్తొద్దు అని జడ్జమ్మ చెప్పింది. సరే అన్న. సరే అన్నంక మల్ల నేనెందుకు ఎత్తుత?"

"నేను ఎత్తిన భాయ్. నేనే చెప్పిన."

అజ్మత్ అలీ ఆయన వైపు చూశాడు. కోపం లేదు, అర్థం కాని చూపు. "నువ్వా?" అన్నాడు. "నేను ఒక్కటే సోంచాయించిన అంజన్నా. చుట్టుపక్కలోళ్లు ఎవరన్న చెప్తరేమో అని. ఇంట్లోళ్ల గురించి నాకు ఖయాలే రాలే."

అంజన్న దుకాణం మెట్టు దిగాడు. తను ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఈ మనిషి దగ్గరికి వచ్చి నా కొడుకు తప్పు చేసిండు, మాఫ్ చెయ్యి అని అడగలేదని అప్పుడు తట్టింది. కొడుకును గల్లీలో కొట్టడంతో తన వంతు అయిపోయిందనుకున్నాడు. మాఫీ అడిగింది పదహారేళ్ల పిల్లవాడు. పక్కన నిలబడింది వాడి తల్లి.

పేదలకు ఉచితంగా సాయం చేసే వకీళ్ల ఆఫీసులో రఫియా అని ఒక లాయరు ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. ఎల్లేష్ ఫారం నింపే ముందు ఆమెనే అడిగి, కేసుల గడిలో లేదని రాశాడు. ఇప్పుడు మళ్లీ ఆమె దగ్గరికే వెళ్తుంటే తండ్రిని రమ్మనలేదు. రఫియానే ఫోన్‌లో చెప్పింది, ఆ మాట చెప్పిన మనిషి రావాలని. కాశమ్మతో కలిపి ముగ్గురూ ఒకే ఆటోలో వెళ్లారు. ఎల్లేష్ డ్రైవర్ పక్కన కూర్చున్నాడు.

చీరల అడుగు నుంచి తీసి తెచ్చిన కాగితాన్ని కాశమ్మ రఫియా ముందు బల్ల మీద పెట్టింది. నాలుగు మడతల దగ్గరా చిరుగుతున్న కాగితం, ఇంగ్లీషులో ఉంది. రఫియా చదివి తెలుగులో చెప్పింది.

"అంకుల్, పద్దెనిమిదేండ్లలోపు పిల్లలు చేసిన తప్పుకు, మరీ ఘోరమైనది కాకుంటే, విచారణ అయి గడువు దాటినంక రికార్డు నాశనం చెయ్యాలె అని చట్టం ఉన్నది. ఆ కేసు వల్ల వాళ్ల చదువుకు, నౌకరికి అడ్డం రావొద్దు. ఈ ఆర్డర్ల గదే ఉన్నది. అందుకే స్టేషన్ కంప్యూటర్ల ఏం దొరకలేదు. దొరికింది మీ దగ్గర్నే."

అంజన్న అడగాలా వద్దా అని తటపటాయించి అడిగాడు. "జరిగింది జరగలే అని చెప్పమంటరా అమ్మా? అది అబద్ధం గాదా?"

"జరగలేదని అనమని ఎవరు చెప్తలేరు. దాని గురించి వాణ్ని అడగొద్దంటున్నది చట్టం. అడిగే హక్కే లేని సంగతి చెప్పకపోతే అది అబద్ధం ఎట్లయితది? మీ ఇంట్ల సంగతులు తోవల పోయేటోడు అడిగితే అన్నీ చెప్తరా?"

కాశమ్మ కిటికీ వైపు చూసింది. ఎల్లేష్ తన చేతుల వైపు చూసుకున్నాడు. హాస్టల్ అన్న మాట ఆ గదిలో ఎవరూ అనలేదు కానీ అంజన్నకు మాత్రం చెవుల్లో వినబడింది.

"నా దగ్గరికి రోజూ వస్తరు అంకుల్," అంది రఫియా, కాగితాన్ని జాగ్రత్తగా మడుస్తూ. "ఎప్పుడో ఇరవై ఏండ్ల కింద చిన్న కొట్లాట. కోర్టు కొట్టేసింది గూడ. అయినా పేరు అట్లనే ఉంటది, పాస్‌పోర్టుకు అడ్డం, నౌకరికి అడ్డం. పెద్దోళ్ల కోసం గట్టి చట్టం మన దగ్గర లేదు, హైకోర్టు దాక తిరగాలె. పిల్లలకు ఒక్కరికే ఈ సౌలత్ పెట్టిన్రు. మీవోడు దాన్ని నిలబెట్టుకున్నడు. ఎనిమిదేండ్ల సంది వాని మీద ఒక్క చలాన్ తప్ప ఏం లేదు."

అర్జీ ఆమే రాసింది. ఆర్డర్ నకలు జతచేసి, రిపోర్టు వెనక్కి తీసుకుని కొత్తగా విచారించాలని పోలీసు పెద్ద అధికారికి పెట్టారు. రెండు వారాలకు పిలుపు వచ్చింది. ఆ రెండు వారాలూ ఎల్లేష్ తండ్రితో నీళ్లొచ్చాయా, గ్యాస్ బుక్ చేశారా అన్నంత వరకే మాట్లాడాడు.

పిలిచిన రోజు ముగ్గురూ రఫియాతో కలిసి వెళ్లారు. ఆ అధికారి నడివయసు మహిళ. అర్జీ అంతా చదివింది, ఆర్డర్ నకలు చదివింది, తర్వాత అంజన్నను చూసింది.

"మా కానిస్టేబుల్ మిమ్మల్ని బెదిరించిండా?"

"లేదమ్మా. మస్తు మంచిగ మాట్లాడిండు."

"ఒత్తిడి చేసి అడిగిండా?"

"లేదమ్మా. ఊకెనే అడుగుతున్న అన్నడు."

"మరి ఎందుకు చెప్పిన్రు? కొడుకుతోని ఏమన్న గొడవా?"

రఫియా జవాబు ఇవ్వబోయింది. అంజన్న ఆమెను చేత్తో వారించాడు. వస్తూ ఆటోలో ఆయన ఒక జవాబు సిద్ధం చేసుకున్నాడు. చట్టం తెల్వదమ్మా, తెలిస్తే చెప్పకపోయేటోణ్ని అనేది ఆ జవాబు. అదీ నిజమే. కానీ కొడుకు పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఆయన నన్ను మంచోడు అన్నడమ్మా," అన్నాడు. "పైస ముట్టని మనిషి అన్నడు. రిటైరైనంక ఎవ్వరు అట్ల అనలే. ఇంకింత మంచోణ్ని అనిపించుకోవాలె అనిపించింది. కొడుకును గూడ స్టేషన్ల అప్పజెప్పిన అని చెప్పుకున్న. గదీ సంగతి. వాని గురించి చెప్పలే నేను, నా గురించి చెప్పుకున్న."

అంజన్న చెవులు కాలిపోతున్నాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా గుండీ పట్టుకున్నాడు.

"వాడు తప్పు చేసినప్పుడు నేను బోర్డుకు ఒక్కసారి గూడ పోలేదమ్మా. వీళ్లమ్మనే పోయింది. చింపేసిన్రు అన్నది గూడ నాకు తెల్వదు. తెల్వకపోవుడు గూడ నా తప్పే. నేను చెప్పింది లెక్కల తీసుకోకున్రి."

అధికారి కళ్లద్దాలు సర్దుకుంది. "మీరు చెప్పినా చెప్పకున్నా, రాయాల్సింది కాదు. రాసిండు. మావోళ్లకు గూడ చెప్పాల్సి ఉన్నది ఈ చట్టం గురించి," అంది. పాత రిపోర్టు పక్కన పెట్టి కొత్తగా విచారణ చేయిస్తానంది. అర్జీ మీద ఏదో రాసి సంతకం చేసింది. బయటికి వచ్చాక ఎల్లేష్ రఫియాకు థాంక్స్ చెప్పాడు. తండ్రితో ఏమీ అనలేదు. కానీ ఇంటికి పోయేటప్పుడు ఆటోలో డ్రైవర్ పక్కన కాకుండా వెనక తల్లి పక్కన కూర్చున్నాడు. ఆమెకు అటు పక్కన అంజన్న ఉన్నాడు.

నాలుగు రోజులకు ఎల్లేష్‌కు ఫోన్ వచ్చింది. అన్నం తింటున్న తండ్రి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"రేపు పొద్దుగాల వస్తరంట మళ్ల వెరిఫికేషన్‌కు." కొంచెం ఆగాడు. "బాపూ, రేపు నువ్వు ఇంట్ల ఉండకు."

కాశమ్మ గరిటె పట్టుకుని కొడుకు వైపు కోపంగా చూసింది. అంజన్న ముద్ద మింగాడు.

"ఉండ," అన్నాడు.

మర్నాడు ఎనిమిదింటికే బయటపడ్డాడు. ఎటు పోవాలో తెలియలేదు. బార్కస్ వైపు నడిచాడు. ఇన్నేళ్లూ సైకిల్ మీద, తర్వాత మోపెడ్ మీద తిరిగిన రోడ్డే. ఒకచోట కొత్త లైన్‌మన్ గుంతలోకి వంగి వాల్వ్ తిప్పుతున్నాడు. అతను పిలవకముందే అంజన్న పక్క సందులోకి మళ్లాడు. ఎవరైనా అంజన్నా, బాగున్నవా, కొడుకు ఏం చేస్తుండు అని అడుగుతారేమోనని భయం వేసింది. ఒక చాయ్ హోటల్లో వెనక బల్ల దగ్గర కూర్చున్నాడు. ఒక చాయ్ తాగాడు, గంట తర్వాత ఇంకొకటి తాగాడు. సొంత ఇంట్లో నుంచి తనను బయటికి పంపారన్న కోపం వస్తుందేమోనని చూశాడు. రాలేదు. వాడు అన్నది న్యాయమే అనిపించింది. తను ఇంట్లో ఉంటే మళ్లీ ఏం మాట్లాడేవాడో తనకే నమ్మకం లేదు.

రెండు దాటాక కాశమ్మ ఫోన్ చేసింది. "వచ్చిన్రు, పోయిన్రు. ఇద్దరు వచ్చిన్రు. నన్ను అడిగిన్రు, అజ్మత్ భాయ్‌ని అడిగిన్రు. అయిపోయింది. ఇంటికి రా, ఏమన్న తిన్నవా?"

తిన్న అన్నాడు. తినలేదు.

ఈసారి రిపోర్టులో ఏ మరకా లేదు. కానీ ఆలోగా మొదటి బ్యాచ్ నిండిపోయింది. కంపెనీ ఎల్లేష్‌ను రెండో బ్యాచ్‌లో పెట్టింది. జూన్‌లో చేరాల్సినవాడు సెప్టెంబరులో చేరాడు. ఆ మూడు నెలలూ వానల్లో కొరియర్ బండి మీద తిరిగాడు. ఒకసారి జారిపడి మోచెయ్యి గీరుకుని వస్తే అంజన్న మందు రాయబోయాడు. ఎల్లేష్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మాట కూడా మాట్లాడలేదు.

కంపెనీ బస్సు చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద ఆగుతుంది. ఎల్లేష్‌ది మధ్యాహ్నం షిఫ్టు. చేరిన మూడో రోజున అంజన్న టిఫిన్ డబ్బా పట్టుకుని వెంట నడిచాడు. వద్దని ఎల్లేష్ అనలేదు. పెరుగన్నం మూత వదులుగా ఉందని, నిలువుగా పట్టుకోమని మాత్రం చెప్పాడు.

బస్సు ఇంకా రాలేదు. బార్కస్ వెళ్లే ఆటోలు మనుషుల కోసం అరుస్తున్నాయి. అంజన్న చాలా రోజులుగా నోట్లో తిప్పుకుంటున్న మాటను ఆ రద్దీలోనే అనేశాడు.

"నాది తప్పయింది బిడ్డా."

ఎల్లేష్ మెడలో పాసును చొక్కా లోపలికి తోసుకున్నాడు. "గప్పటిదా, గిప్పటిదా?"

గల్లీ మధ్యలో బెల్టు ఎత్తిన తన చెయ్యి, వాయిదాలకు ఒంటరిగా పోతున్న కాశమ్మ, పెళ్లిళ్లలో హాస్టల్ అంటుంటే పక్కన నిలబడి వినే పిల్లవాడు, అన్నీ ఒక్కసారి అంజన్న కళ్ల ముందుకొచ్చాయి.

"రెండూ," అన్నాడు.

ఎల్లేష్ తలూపాడు. క్షమించినట్టు కాదు, విన్నట్టు. ఫ్లైఓవర్ స్తంభాల మధ్య నుంచి కంపెనీ బస్సు మలుపు తిరిగింది. తండ్రి చేతిలోంచి డబ్బా తీసుకున్నాడు.

"ఎండ మస్తున్నది. ఆటోల పో, నడవకు," అని బస్సు ఎక్కాడు.